రెండో సరే

ఈ ఉదయం లంబసింగి మీదికి ఆకాశం పొగమంచై దిగింది, మధ్యాహ్నం దాకా లేవలేదు.

మంచు కురిసే రాత్రులను రైతులకు ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. కోడ్ అందరిదీ, ఎవరైనా దిద్దవచ్చు. కానీ నిర్వాహకులం ముగ్గురిలో ఇద్దరు ‘సరే’ అంటేనే ఏ మార్పైనా, మాలో ఒకరిని తీసేయడమైనా నిలుస్తుంది. నేను, తమ్ముడు ప్రేమ్‌కుమార్, అతని భార్య బిందుమాధవి.

కొత్తవాళ్లను తిడుతున్నాడని తమ్ముణ్ని నిర్వాహకుల్లోంచి తీసేశాం. నేను సరే అన్నాను, ఆమె చేతా అనిపించాను. ఆ వారమే అతను ఘాట్ రోడ్డులో బండితో సహా లోయలో పడి చనిపోయాడు.

ఈ రోజు చీకటిపడ్డాక నేనూ బిందుమాధవీ అన్నానికి కూర్చున్నాం. నా ఫోన్ మోగింది. నన్ను తీసేయాలని ఎవరో ప్రతిపాదించారు. దాని కింద ప్రేమ్‌కుమార్ పేరుతో ఒక ‘సరే’ ఉంది. అతను పోయాక ఆ ఖాతాను నేనే మూసేశాను.

“ఏటమ్మా, ఇది నువ్వు పెట్టినావా?”

“పోయిన మనిషి సంగతి నాకేటి తెలుస్తాది బావగారూ? ఖాతా మూసింది మీరే కదా. బేగి తినండి, సల్లారిపోతంది.”

తలవంచి అన్నం కలుపుకున్నాను. ఫోన్ మళ్లీ మోగింది. రెండో ‘సరే’ పడింది. నిర్వాహకుల్లో ఇప్పుడు నా పేరు లేదు. ఆమె పేరూ, తమ్ముడి పేరూ ఉన్నాయి.

ఆమె ఫోన్ అద్దం మీద మెతుకు అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఇద్దరం తిన్నాం.