చల్లటి గోడ

ఊరు చూపించే గైడు దొంగ అన్న సంగతి ఆమెకు పాత కోట గుమ్మటం కింద తెలిసింది.

"హారం వేసుకున్న అమ్మగారూ, మీరు ఆ గోడవారన నిలబడండి. చల్లగా ఉంటుంది" అని మర్యాదగా చూపించి, అతను ఫోను పట్టుకుని ఎదురుగోడ దగ్గరికి వెళ్లాడు. ఆమె గోడకి ఆనుకోగానే, అంత దూరాన అతనాడిన గుసగుస చెవిలో చెప్పినట్టు వినిపించింది.

"జలపాతం దగ్గర తుంపర పడగానే అందరూ కళ్లు మూసుకుంటారు. అప్పుడు కట్టర్‌తో హారం కత్తిరించేస్తా. నువ్వు అందుకుని జనంలో కలిసిపో."

ఈ గోడ మాట ఆ గోడకి వినబడుతుందని రోజూ తిప్పేవాడికే తెలియదు పాపం, అనుకుందామె.

హారం ఆమెది కాదు. ఫొటోల కోసం తోడికోడలిని బతిమాలి తెచ్చుకున్నది. అది పోతే తోడికోడలి నోట్లో పడేకంటే జలపాతంలో పడటమే నయం.

"పోలీసులకి చెబుదామా?" అన్నాడు భర్త.

"సాక్షి ఎవరంటే గోడని పట్టుకెళ్తారా?"

"పోనీ, నా జేబులో పెట్టుకోనా?"

"మీ జేబులో కళ్లజోడే నిలవదు."

బస్సు జలపాతం దగ్గర ఆగింది. మొగుడూ పెళ్లాలిద్దరూ తంటాలు పడితే గానీ హారం మర ఊడలేదు. ఖాళీ టిఫిన్ డబ్బాలో దాన్ని పెట్టి సీటు కిందికి తోసింది.

"బస్సుకి తాళం వేస్తావుగా?" అని డ్రైవరుని అడిగింది.

"వేసి ఇక్కడే కూర్చుంటానమ్మా. చీమని కూడా దూరనివ్వను. ఆ గైడుకి మాత్రం దూరంగా ఉండండి, వాడి చూపు మంచిది కాదు."

జలపాతం దగ్గర ఆమె జలపాతాన్ని చూడలేదు. బోసిమెడతో గైడు ఎదురుగా నిలబడి, వాడి చేతులే చూసింది. వాడు ఆ చేతులతోనే నీళ్లు ఎంత ఎత్తునుంచి పడతాయో వివరించాడు.

నలుగురిలో డబ్బా తెరవడమెందుకని, బసకి వెళ్లాకే తెరుద్దామనుకుంది. దిగేటప్పుడు డ్రైవరుని "చల్లగా ఉండు నాయనా" అని మనసారా దీవించింది.

మర్నాడు కొత్త యాత్రికులతో బస్సు నిండగానే డ్రైవరు అద్దంలోకి చూసి, "మూడో సీటు, కెంపుల నెక్లెసు" అన్నాడు మెల్లిగా.

గైడు తలూపాడు. గుమ్మటం కిందికి రాగానే, మోగని ఫోను చెవికి ఆనించుకుంటూ, "అమ్మగారూ, మీరు ఆ గోడవారన నిలబడండి. చల్లగా ఉంటుంది" అన్నాడు.