ఒక్కసారి నెమ్మది చేసి చూడండి

గేటు దగ్గర ఆ మనిషి మళ్లీ నిలబడ్డాడు.

ఆమె గుండె గుభేలుమంది. అతను చూస్తున్నది షెడ్డులోని విమానాన్ని కాదు. అందులో కూర్చుని కాళ్లూపుకుంటున్న ఆమె కూతుర్ని.

అసలే ఆమె భయాలు ఆమెకున్నాయి. ఇంటాయన మహానుభావుడు. అందరిలా కారో స్కూటరో కొనుక్కోకుండా ఇంట్లో కూర్చుని విమానం కట్టాడు. రేపే ఎగరేస్తాడట. పక్కన కూతురు కూర్చుంటుందట. వద్దని ఏడ్చి మొత్తుకుంది. తండ్రీకూతుళ్లు ఒకటైపోయాక ఆవిడ మాట వినేదెవరు?

"పాప కూడా ఎక్కుతుందామ్మా?" అడిగాడు ఆ మనిషి.

"నీకెందుకయ్యా? ఎవరు నువ్వు?"

కేక విని భర్త బయటికొచ్చాడు. "ఏం కావాలి?"

"విమానంలో కరెంటుకి ఆ డైనమో సరిపోతుందాండీ?"

భర్త నవ్వాడు. "దీపాలు, రేడియో, పెట్రోలు పంపు, ఇంజన్‌కి నిప్పురవ్వ... కరెంటు తినేవన్నీ కలిపి లెక్కేశాను. ఇంకా మిగులుతుంది."

"అది ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు కదండీ! దిగేటప్పుడు తగ్గిస్తారు, డైనమో ఇచ్చే కరెంటూ తగ్గిపోతుంది. అన్నీ వేసి, ఇంజన్ ఒక్కసారి నెమ్మది చేసి చూడండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

ఏమిటా అని పాప పరిగెత్తుకొచ్చింది. అతను చటుక్కున దాని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెక్కకు తల్లీ!"

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. ఉన్న బలమంతా పెట్టి ఒక్క తోపు తోసింది. అతను వెళ్లి గేటు మీద పడ్డాడు.

"దరిద్రుడా! రేపు ఎక్కబోతుంటే ఇవాళ ఆ మాటలేంటి? ఫో!"

అతను లేచి బట్టలు దులుపుకున్నాడు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆమె గేటుకి తాళం వేసింది. వెనక్కి వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, అతను చెప్పిందేదో ఒకసారి చేద్దురూ."

"పిచ్చివాడి మాటలు పట్టుకుని..."

"నా మీద ఒట్టు."

సణుక్కుంటూనే విమానాన్ని పెరట్లోకి తోసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాడు. ఇంజన్ వేశాడు. స్విచ్చులన్నీ నొక్కాడు. చెవులు చిల్లులు పడే మోత.

"చూశావా?" అని అరిచాడు.

"నెమ్మది చెయ్యండి!"

చేశాడు. చాలాసేపు ఏమీ కాలేదు. భర్త వెక్కిరింపుగా చెయ్యి ఊపాడు.

అప్పుడు దీపాలు మసకబారి ఎర్రబడ్డాయి. రేడియో గురగురమని మూగబోయింది. ఇంజన్ రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.



"గాల్లో అయితే..." అన్నాడు భర్త. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె కూతుర్ని గట్టిగా వాటేసుకుంది.

"అమ్మా, నొప్పే!" అంటున్నా వదల్లేదు.

"తాళమేంటే పట్టపగలు?" గేటవతల ఆమె అన్నయ్య. ఊళ్లో బ్యాటరీల షాపు అతనిదే.

తాళం తీస్తూనే ఆమె జరిగింది చెప్పింది. అతను నుదురు కొట్టుకున్నాడు.

"ఆయన్ని తోసేశావా? బావ విమానం సంగతి ఆయనకి చెప్పింది నేనే! పాప ఎక్కుతుందనగానే ఆయన మా షాపులోనే కూలబడిపోయాడు."

"ఎక్కడుంటాడు? వెళ్లి కాళ్ల మీద పడతాను."

"ఇప్పుడే బస్సెక్కడం చూశాను. ఏ ఊరో నాకూ తెలీదు."

"ఎవరన్నయ్యా ఆయన?"

అన్నయ్య మేనకోడలి తల నిమిరాడు.

"బావలాగే ఇంట్లో విమానం కట్టినాయన. మొదటిరోజు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరాడు, ఒక్కడే ఇంటికొచ్చాడు."