కదంబం లెక్క

తెల్లకాగితం మీద గుప్పెడు పూలు. అంకె ఒక్కటీ లేదు.

కాగితం రాజమండ్రిలో ఆడిటర్ సత్యప్రసాద్ గారిది. పూలు కడియంలో పల్లంరాజు గారి నర్సరీవి. పక్కన కునికిపాట్లు పడుతున్న పిల్ల వినీల. బీకాం రెండో ఏడు, ఆడిటరు గారి దగ్గర వేసవి ఇంటర్న్.

ఆఫీసులో గుమాస్తా బుల్లిరాజు ఆ పిల్లకి పెట్టిన పేరు నిద్రగన్నేరు.

కళ్ళు తెరిచే ఉంటాయి. మనిషే ఉండదు.

ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తే చాలు, దాంతోపాటు తనూ లేచి గోదావరి అవతలికి వెళ్ళొస్తుంది. అలా వెళ్ళిన ఒక మధ్యాహ్నం రొయ్యల మేత కొట్టు అమ్మకాలన్నీ కొనుగోళ్ళలో రాసేసింది. ఆ కొట్టాయన ఏడాది పొడుగునా ఒక్క గింజ అమ్మకుండా మేత కొంటూనే ఉన్నట్టు తేలింది. ఈపాటికి వాళ్ళ రొయ్యలు ఒక్కోటీ నాటుపడవంత అయ్యుంటాయన్నాడు బుల్లిరాజు.

సత్యప్రసాద్ గారు నవ్వలేదు.

"రేపు నర్సరీలో మొక్కలు లెక్కపెట్టుకురామ్మా. ఇదీ తప్పితే నీ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టలేను."

సంతకం లేకపోతే కాలేజీలో ఏడాది పోతుంది. పైగా వాళ్ళ నాన్న ఎజ్రా, కూతురు ఆడిటరు దగ్గర పనిచేస్తోందని చర్చిలో ప్రతి బెంచీకీ చెప్పి ఉన్నాడు.

మొక్కలు కదలవు కాబట్టి ఫరవాలేదని బుల్లిరాజు ధైర్యం చెప్పాడు.

లెక్క తేలికే. వరసకి వంద మొక్కలు. వరసలు లెక్కపెడితే చాలు.

కడియం గాలే మంచిది కాదు. అక్కడ ఒకాయన మర్చిపోయిన గొడుగు మర్నాటికి చిగురేసిందంటారు. గొడుగు పోగొట్టుకున్నాయన స్వయంగా చెప్పిన మాట, నమ్మక చస్తామా.

పైన ఆకుపచ్చ వల. మధ్యలో నీటి తుంపర. ఎండ ఆ వలలోంచి దిగేసరికి చెరువు అడుగున వెలుతురైపోయింది. ఇరవయ్యో వరస దగ్గర వినీల చేపైపోయింది.

మళ్ళీ మొదలెట్టింది. పదిహేడు దగ్గర తూనీగైంది.

మూడోసారి ఎన్నింటి దగ్గర ఏమైందో ఆ పిల్లకే తెలీదు.

అప్పుడు అంకెలు మానేసింది.

వరస దాటినప్పుడల్లా ఆ వరసలోంచి ఒక పువ్వు తుంచింది. మల్లెల దగ్గర మొగ్గ. నందివర్ధనాల దగ్గర నందివర్ధనం. కనకాంబరాల దగ్గర కనకాంబరం. పువ్వు లేని క్రోటన్ల దగ్గర ఆకు. అన్నీ తెచ్చి కాగితం మీద పోసి, నీళ్ళ డ్రమ్ముకి ఆనుకుని, రాసే ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి కాగితం ఖాళీ.

పక్కన, మొక్కలకి నీళ్ళు పెట్టే సంపూర్ణమ్మ అరటినార కొస పంటితో కొరుకుతోంది. పూలు కళ్ళబడితే ఆవిడ చేతులు ఊరుకోవు. ఒక్కో పువ్వుకీ ఒక్కో ముడి వేసి, మూరన్నర కదంబం కట్టేసింది.

వినీలకి ఏడుపొచ్చింది. అవి పూలు కావు, వరసలని చెప్పింది.

సంపూర్ణమ్మ ఆ పిల్లని వెనక్కి తిప్పి, దండ జడలో తురిమింది.

"నే కట్టిందాంట్లోంచి పువ్వు రాలదు బంగారం. రాలితే ముడి ఖాళీగా కనబడుద్ది."

బస్సు రాజమండ్రి చేరేదాకా వినీల తల తిప్పలేదు. మెడ పట్టేసిందా అమ్మా అని కండక్టరు అడిగాడు.

సాయంత్రం ఆరింటికి సత్యప్రసాద్ గారు షీటు తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. రెండు వైపులా తెల్లగానే ఉంది.

బుల్లిరాజు పెన్ను కింద పెట్టి, ముచ్చట చూడ్డానికి చేతులు కట్టుకున్నాడు.

వినీల జడలోంచి దండ తీసి టేబుల్ మీద పరిచింది.

దారిలో మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. ఫైళ్ళూ, రసీదులూ, బుల్లిరాజు క్యారేజీ, గదిలో ఉన్నవన్నీ మల్లెల వాసనే.

దండ కొస మీద వేలు పెట్టి, ధాన్యం కొలిచేటప్పుడు వాళ్ళ తాత ఒకటి అనకుండా మొదలెట్టినట్టే మొదలెట్టింది.

"లాభం... రెండు... మూడు..."

మల్లెలు ఇరవైరెండు. నర్సరీ రిజిస్టరులోనూ ఇరవైరెండే. నందివర్ధనాలు పద్దెనిమిది, సరిపోయాయి. క్రోటన్లు తొమ్మిది, అవీ సరిపోయాయి.

కనకాంబరాలు పదమూడు.

రిజిస్టరులో పధ్నాలుగు.

సత్యప్రసాద్ గారి చేతిలో ఆకుపచ్చ పెన్సిలు ఆగింది.

ఒకటి బస్సులో రాలిపోయి ఉంటుందన్నాడు బుల్లిరాజు. పధ్నాలుగు వేసేద్దామనీ అన్నాడు. ఆ గొంతులో ఈసారి వెటకారం లేదు.

వినీల దండని మొదటినించీ మళ్ళీ తడిమింది. ఒక్కో ముడీ, ఒక్కో ముడీ. కిటికీ బయట గోదావరి అక్కడే ఉంది. ఆ పిల్ల వెళ్ళలేదు.

"ఖాళీ ముడి లేదండి. పదమూడే."

సత్యప్రసాద్ గారు పల్లంరాజు గారికి ఫోను చేశారు. అవతలాయన మాట్లాడుతున్నంతసేపూ దండ వైపే చూశారు. పొద్దున్నే యానాం వాళ్ళొచ్చి ఒక వరస కనకాంబరం వ్యానెక్కించుకుపోయారట. రిజిస్టరులో ఇంకా రాయలేదట.

ఫోను పెట్టేసి, షీటు మీద పదమూడు వేసి, పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టారు. దండని ఫైల్లో పెట్టమన్నారు.

"రేపు సామర్లకోట మిల్లులో బస్తాలు లెక్కపెట్టాలి. అక్కడ పూలుండవు మరి," అన్నారు.

మర్నాడు పొద్దున్న వినీల టేబుల్ మీద ఆకుపచ్చ పెన్సిలు ఉంది. దాని పక్కన, తడిపి చుట్టిన అరటినార.

రోజూ రావులపాలెం అరటితోటల మీదుగా వచ్చే బుల్లిరాజు ఫైల్లోంచి తలెత్తలేదు.