మంచులో దిగిన మనిషి

"ఇక్కడ ఆపనా అండీ? మంచు లేకపోతే ఈ రాళ్ల మీద అలలు విరగడం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు" అన్నాడు డ్రైవరు.

కారు అద్దాల అవతల తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఎక్కడో కింద సముద్రం హోరుమంటోంది. కొండ అంచున సాగే ఈ దారిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా జనాన్ని తిప్పి చూపించడం అతని పని. చూపించడానికి ఏమీ లేనిరోజు ఆ లోటు నోటితో పూడ్చేవాడు. తోటి డ్రైవర్లు అతన్ని వాగుడుకాయ అనేది ఊరికే కాదు.

"ఇక్కడొద్దు. ఆ మలుపు దగ్గర ఆపు" అన్నాడు వెనక సీట్లోంచి పెద్దాయన. "మోకాలెత్తు రాతిగోడ ఉంటుంది. దగ్గర్లోనే లైట్‌హౌసు."

"అదా. అది దారి చివర్న కదండీ, సాయంత్రానికి గానీ చేరం. అయితే ఇదివరకు వచ్చారన్నమాట."

"వచ్చాం. పెళ్లయిన కొత్తలో" అని పెద్దాయన పక్కకి తిరిగాడు. "ఏమే, గుర్తుందా?"

పక్కన కూర్చున్న భార్య ఆయన మఫ్లరు సరిచేసింది. "చలిగాలి తగులుతోంది. అద్దం పైకెత్తండి" అంది.

డ్రైవరు తన ముందున్న చిన్న అద్దంలో ఆవిడ వైపు చూశాడు. ఆయన కంటే బాగా చిన్నదిలా ఉంది. పొద్దున కారెక్కినప్పటినుంచీ ఆయన అడిగినదానికి ఒక్కదానికీ తిన్నగా జవాబు చెప్పలేదు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అనుకున్నాడు.

మధ్యాహ్నం టీకొట్టు దగ్గర ఆగారు. ఆవిడ మాత్రలకి వేడినీళ్లు అడగడానికి లోపలికి వెళ్లగానే పెద్దాయన డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజూ ఇదే మంచు. స్నేహితుడి కారు అడిగి తెచ్చాను. నడపడం కొత్త. ముందు ఏమీ కనపడదు, గుండె దడదడలాడుతోంది. ఇదేమో పక్కన కూర్చుని పాటలు. నోరు ముయ్యమన్నాను. నవ్వింది. ఆ మలుపు దగ్గర కారాపి, దిగు, నడిచి రా అన్నాను. దిగింది."

"దిగితే?"

"వదిలేసి పోయాను."

వాగుడుకాయ టీగ్లాసు పక్కన పెట్టేశాడు.

"చీకటి పడుతుంటే వెనక్కి వెళ్లాను. బట్టలు ముద్దగా తడిసి, గోడమీద కూర్చునుంది. కిక్కురుమనకుండా వచ్చి కారెక్కింది. మళ్లీ ఏనాడూ పాడలేదు. తప్పైపోయిందని అనడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు నోరారా అడుగుతుంటే ఇది పలకడం లేదు."

ఆవిడ తిరిగొచ్చింది. "టీ తాగుదామా?" అన్నాడు పెద్దాయన.

"ఇప్పుడే తాగారు" అంటూనే ఇంకో అరగ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

మళ్లీ కారు కదిలింది. మంచు ఇంకా చిక్కబడింది. బండి నత్తనడక నడుస్తోంది.

"ఏమే, క్షమించానని ఒక్కమాట అను."

"ఆ మాట నేననేది కాదండీ."

"నువ్వు కాక మరెవరంటారు?"

ఆవిడ కిటికీవైపు తిరిగింది. డ్రైవరుకి ఒళ్లు మండింది. తన ఇంట్లో అలకొస్తే పూట తిరిగేసరికి ఎవరో ఒకరు దిగొస్తారు. ముసలాయన ఇంతలా బతిమాలుతుంటే ఇదేం పంతం? ఆపుకోలేకపోయాడు.

"అమ్మా, మీ ఇద్దరి మధ్యా వేలు పెడుతున్నాననుకోకండి. తెగేదాకా లాగకూడదంటారు."

"తాడు నా చేతిలో ఉంటే కదా బాబూ లాగడానికి" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించింది. "మతిమరుపు ముదిరాక పడుకున్నా లేచినా ఆయనకి ఇదే ధ్యాస. తిండి సయించడం లేదు. ఇక్కడికొస్తే మనసు కుదుటపడుతుందేమోనని తీసుకొచ్చాను."

"అంత తెలిసినవారు ఆ ఒక్కమాట అనెయ్యకూడదా?"

ఆవిడ ఆయన మఫ్లరు మళ్లీ సరిచేసింది.

మలుపు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. మంచులో లైట్‌హౌసు వెలుగు మసకమసకగా తిరుగుతోంది. పెద్దాయన గోడ తడుముకుంటూ వెళ్లి, ఒకచోట ఆగి, రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోయిందే. నిన్ను వదిలేసి ఎంతో దూరం పోలేదు. పక్క మలుపులో కారాపుకుని ఏడుస్తూ కూర్చున్నాను. నీకు మొహం చూపించడానికి సిగ్గేసింది. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఏడ్చారా?"

"ఏడ్చాను."

"ఈ మాట అప్పుడే చెప్పుంటే ఎంత బావుండేదండీ" అంది. కనపడని సముద్రంవైపు తిరిగింది. తర్వాత ఆయన జోడించిన చేతులు విడదీసి పట్టుకుంది.

"క్షమించాను. మీరు వెనక్కొచ్చి తలుపు తీసినప్పుడే క్షమించాను."

పెద్దాయన చిన్నపిల్లాడిలా ఆవిడ భుజంమీద తల వాల్చాడు. ఆయన మొహం తేటపడింది. కాసేపటికి, "మరి ఇప్పుడు పాడవే" అన్నాడు.

"గొంతు పోయిందండీ."

తిరిగి కారెక్కించగానే ఆయన నిద్రలోకి జారుకున్నాడు. ఆవిడ ఎక్కలేదు, ఆ గోడవైపే చూస్తూ నిలబడింది. డ్రైవరు మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"ఎంత చల్లటి మాటన్నారమ్మా. ఇదేదో పొద్దున్నే అనుంటే ఆయన ఇంత నలిగేవాడు కాదు."

"అనే హక్కు నాకు లేదు బాబూ." ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఆ రోజు ఇక్కడ దిగింది మా అక్క, అది పోయాకే నన్ను ఆయనకిచ్చి చేశారు."