అమ్మోరి తూము

చెరువు కట్టకు పడిన బుంగ అప్పటికి గుమ్మడికాయంత ఉంది. ముత్యాలయ్య చెరువులోకి దిగి, గడ్డిమోపు ఒకటి దాంట్లో కుక్కి, మోపుకు వీపు ఆనించి, మడమలు బంకమట్టిలో గుచ్చి కూర్చున్నాడు. నీళ్లు చంకల దాకా వచ్చాయి.

"పో మే, నిలబడబాక. అందరూ పంచాయతీ కాడుండారు. బుంగ పడిందని చెప్పు పో."

పెంచలమ్మ కదల్లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో, పక్కింటికి నిప్పుకు పోతున్నా ఆయన "పోయిరా" అనేవాడు. ఒట్టి "పో" అనడం ఇదే మొదలు.

"ఎంతసేపుంటావయ్యా అట్ట?"

"వీపు తియ్యనంతసేపు కట్టకేం కాదు. పో."

ఆమె కొంగు నడుముకు చుట్టి పరుగెత్తింది.

కార్తీకమాసపు గాలివాన పట్టి నాలుగు రోజులైంది. ఇంటింటికీ వంతులేసుకుని ఊరంతా చెరువును కాస్తోంది. ఆ పూట కట్ట మీద తిరిగే వంతు మొగుడూ పెళ్లాలిద్దరిది. చెరువు తెగితే పోయేది పైరొక్కటే కాదు. తెగిన నీళ్లు కింద ఉప్పుటేటి కరకట్టను కూడా ఊడ్చుకుపోతాయి. ఆపైన సముద్రపు పోటు పొలాల్లోకి ఎక్కుతుంది, బావులు ఉప్పవుతాయి, గుక్కెడు మంచినీళ్లు లేక ఊరు లేచిపోవాలి. పక్క ఊరు అట్లాగే లేచిపోయింది. అక్కడి చుట్టాలు ఎక్కడ చెదిరిపోయారో పెంచలమ్మకు ఈనాటికీ తెలియదు.

పంచాయతీ వసారాలో నలభై మంది గంపలు, పారలు, గడ్డిమోపులు సిద్ధంగా పెట్టుకుని, రేడియో ఏం చెబుతుందా అని చెవులొగ్గి కూర్చుని ఉన్నారు. సర్పంచి పద్మనాభయ్య ఆమెను చూడగానే లేచాడు.

"అన్నా, బుంగ పడింది. అమ్మోరి తూము కాడ. ఆయప్ప వీపు పెట్టి కూర్చోనుండాడు. బిన్నా రండి."

ఎవరూ ఇంకో మాట అడగలేదు. గంపలు లేచాయి. పెంచలమ్మ కూడా ఒక మోపు నెత్తికెత్తుకుని వాళ్ల వెనక బయలుదేరింది. బరువుతో వెనకబడింది. ఆమె కట్ట ఎక్కేసరికి ముందుపోయిన వాళ్లంతా ఎడమచేతి వైపు, ఉత్తరానికి పరుగెడుతున్నారు.

పోవాల్సింది దక్షిణానికి.

కట్టకు ఉత్తరం కొసన పోలేరమ్మ తూము, దక్షిణం కొసన ముత్యాలమ్మ తూము. నడుమ మైలు దూరం, మధ్యలో ఇంకో తూము. పెంచలమ్మ భర్త పేరు పలకదు. పలికితే ఆయనకు ఆయుస్సు తగ్గుతుందని తల్లి చెప్పి కాపురానికి పంపింది. ఆ పేరు కలిసే ఏ మాటా ఆమె నోట రాదు. ముత్యాలను తెల్లపూసలంటుంది. ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వుతుంది. దక్షిణపు తూమును అమ్మోరి తూము అంటుంది. ఆమె ఇంట్లో ఆ మాటకు అర్థం ఒక్కటే. ఊళ్లో మాత్రం అమ్మోరంటే పోలేరమ్మ.

మోపు కింద పారేసి వాళ్ల వెంటపడింది. అరిచిన అరుపునల్లా గాలి సముద్రం వైపు ఈడ్చుకుపోయింది. ఆమె చేరేసరికి ఉత్తరపు తూము దగ్గర మనుషులు నీళ్లలో దిగి కట్టంతా కాళ్లతో తడుముతున్నారు.

"ఏడ మే బుంగ?" అన్నాడు గంగులయ్య, నడుముల్లోతు నీళ్లలో నిలబడి. "మొగుడు ఇంట్లో ముసుగుతన్ని పడుకోనుంటే మమ్మల్ని ముంచేదానికి తెచ్చినావా?"

"ఇది కాదన్నా. ఆ అమ్మోరు."

"ఏ అమ్మోరు మే? ఊరి చుట్టూ ఏడుమంది ఉండారు."

ఆమె దక్షిణానికి చెయ్యి చూపింది. వానలో ఆ పక్క కట్టే కనిపించడం లేదు. ఆ దారిలో తూములు రెండున్నాయి.

పద్మనాభయ్య ఆమె ఎదుటికి వచ్చాడు. "చూడమ్మా, ఇంకొక తూరి తప్పుదోవ పడితే ఊరుండదు, నీ మొగుడుండడు. పేరు చెప్పు."

పెంచలమ్మ మంగళసూత్రాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఆయుస్సు పోతుందని నోరు మూసుకుంటే, ఆ మూసుకున్న నోరే ఇప్పుడు ఆయన ప్రాణం తీసేలా ఉంది.

"ముత్యాలమ్మ తూము" అంది.

గంగులయ్య తలెత్తి ఆమె ముఖం చూశాడు. గబగబా నీళ్లలోంచి గట్టెక్కాడు. అందరూ గంపలెత్తుకుని దక్షిణానికి తిరిగారు.

తిరుగుదారిలో పెంచలమ్మ అందరికంటే ముందు పరుగెత్తింది. అడుగడుగుకూ కట్ట కాళ్ల కింద అదురుతున్నట్టే ఉంది. మధ్య తూము దాటింది. తాను పారేసిన మోపు దాటింది. ముత్యాలమ్మ గుడి సున్నపు గోడ వానలో తెల్లగా తేలింది.

కట్ట నిలిచే ఉంది. ఆయన కూర్చున్న చోటనే కూర్చుని ఉన్నాడు, చెరువు వైపు ముఖం పెట్టి. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. తల మాత్రం మెల్లగా ముందుకు వాలుతోంది.

"ఏమయ్యా" అని పిలిచింది. తల ఎత్తలేదు.

"ఇదో, వచ్చినాం. అందరూ వస్తుండారు."

గాలి ఆ మాటనూ ఎత్తుకుపోయింది. ఆయన ముక్కు నీళ్లకు తగిలింది. చలికి తెలివి తప్పుతోంది. ఇంకా పది బారల దూరం ఉంది. పేరు ఒకసారి పలికిన నోరే, ఇక దాచేదేముంది అనుకుంది పెంచలమ్మ. ఒంట్లో ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని పిలిచింది.

"ముత్యాలయ్యా."

ముప్పై ఏళ్లలో ఆ గొంతున తన పేరు ఒక్కసారైనా వినని ముత్యాలయ్య, పిలిచింది ఎవరా అని, వీపు తీసి వెనక్కి తిరిగి చూశాడు.