నీలి వాళ్ల అడవి

“గిటు రా చెల్లే! గిది నువ్వు చూడనే లేదు.” నీలి ముళ్లకంపను కర్రతో పక్కకు నెట్టి పిలిచింది.

శిరీష వంగి చూసింది. చెదలపుట్ట మొదట్లో కొత్తగా తవ్విన బొరియ. మట్టి మీద పొడవాటి గోళ్ల గీతలు. ఒళ్లంతా పొలుసులుండే అలుగు అందులో కాపురముంటోంది.

“ఫోటో దియ్యి. మీ సారుకు చూపెట్టు.”

శిరీష ఫోటో తీసింది. సంతోషించాల్సింది పోయి ఆమె ముఖం వాడిపోయింది.

ఆమె వన్యప్రాణుల్ని కాపాడే ఒక సంస్థలో పనిచేస్తోంది. కాటారం దగ్గర రెండు అడవుల్ని సంస్థ ఎంచుకుంది. ఒకటి నీలి వాళ్ల తండా చుట్టూ ఉన్నది, రెండోది వాగు అవతల గుట్టమీదిది. ఉన్న నిధులు ఒక్కదానికే సరిపోతాయి. ఎక్కువ ప్రాణులు ఎక్కడుంటే అక్కడే కంచె, కాపలా. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి నీలి కూలికి పోవడం మానేసి శిరీష వెంటే తిరుగుతోంది.

“మా అడివే గెలవాలె చెల్లే. దొంగలొచ్చి టేకు కొట్టుకపోతున్నరు. అడ్డం పోతే మా బీక్యాను కొట్టి వాగుల పడేసిన్రు. కాపలా వస్తే గా పీడ పోతది.”

బీక్యా ఆమె భర్త; ఎలాగో బతికి బయటపడ్డాడు. శిరీష తలూపి ముందుకు నడిచింది.

ఇంకొంచెం లోపలికి వెళితే చిన్న నీళ్ల గుంత. ఒడ్డంతా కణుజు దుప్పుల గిట్టల గుర్తులు.

“ఎండకాలం వాగు ఎండిపోతది. తండ ఆడోళ్లమందరం బిందెలతోని మోసుకొచ్చి దీన్ని నింపుతం,” అంది నీలి.

“అప్పుడు మీకే నీళ్లకు కరువు కదక్కా?”

“మాకు నోరున్నది, ఎవలనన్న అడుగుతం. గవి ఎవలనడుగుతయి?”

శిరీష గుంత పక్కన కూర్చుండిపోయింది.

“నీలక్కా, ఒక మాట చెప్పాలె. మీ అడవి గెలిస్తే...”

ఫోన్ మోగింది. ఆమె పై అధికారి ప్రతాప్. శిరీష చెట్టు చాటుకు వెళ్లింది.

“ఏం తేలింది?”

“ఇక్కడే ఎక్కువున్నాయి సార్. అలుగు కూడా ఉంది.”

“అలుగే! ఇంకేం, ఇదే ఖాయం. ఫోటో పంపించు. నీ ఉద్యోగం పర్మినెంటు చేయమని ఇవాళే చెబుతాను.”

“సార్, తండావాళ్లకు అన్నీ చెప్పమంటారా?”

“ఇప్పుడే వద్దు. సంతకాలయ్యాక నేనొచ్చి మాట్లాడతాను.”

ఫోటో పంపకుండా ఉండొచ్చు. పొరబడ్డాను, అది పాత బొరియేనని అనొచ్చు. కానీ ఈ అలుగును ఎవరో ఒకరు కాపాడాలి. ఉద్యోగం కూడా కావాలి. రెండింటిలో ఏది తన వేలిని ముందుకు తోసిందో శిరీషకు తెలుసు. అందుకే ఫోటో పంపాక ఆ వేలి వంక చూడలేకపోయింది.

“ఏమన్నడు సారు?” నీలి ఎదురొచ్చింది.

“మీ అడవేనక్కా.”

నీలి కేక తండాదాకా వినిపించింది. ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. బీక్యా బెల్లం ముక్క తెచ్చి శిరీష చేతిలో పెట్టాడు. నీలి ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

“మా కడుపుల చల్ల పోసినవ్ చెల్లే. ఇగ మాకు బుగులు లేదు. మళ్లొచ్చినప్పుడు ఇంట్లనే ఉండాలె, జొన్నరొట్టె చేసిపెడ్త.”

శిరీష బెల్లం నోట్లో పెట్టుకోలేకపోయింది.

“ఏడుస్తున్నవేంది పిల్లా? గింత మంచి చేసి ఏడుస్తరా?”

ఆమె నీలి పాదాల వైపు తప్ప పైకి చూడలేదు.

గెలిచిన అడవిలోంచి తండాను ఖాళీ చేయిస్తారు.