పనసపొట్టు కూర తిన్న రోజు

“రెండువేల ఆరు, ఫిబ్రవరి పది. ఆవేళ నాను బుచ్చయ్యపేటలో మా మరదలి పెళ్లిలో పనసపొట్టు కూర తింతన్నాను సిస్టరమ్మా. ఈ బల్ల ఎక్కనేదు,” అన్నాడు సత్తియ్య.

అనకాపల్లి స్కానింగ్ సెంటరులో ఆ సాయంత్రానికి అతనే చివరి పేషెంటు. స్కాన్ తీసే తబితా అదే తేదీ వేసిన రెండేళ్లనాటి ఫైలు మళ్లీ చూసింది. పేరు సత్తియ్య. చెమటకు ఫొటో వెలిసిపోయిన ఫ్యాక్టరీ వైద్యం కార్డు మీద ఉన్న నంబరే ఫైల్లోనూ ఉంది. నరంలోకి రంగు మందు ఎక్కించిన రెండో నిమిషానికి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. కింద సంతకం తనదే. కళ్లు పూడిపోయేలా ఉబ్బిన ముఖం తప్ప మనిషి ఆనవాలు గుర్తులేదు. తన మణికట్టును వదలకుండా పట్టుకున్న చెయ్యి మాత్రం గుర్తుంది.

“మళ్లీ ఆ మందు పడితే ప్రాణం మీదికొస్తుంది. నిజం చెప్పండి.”

“నిజమే సెప్తన్నాడమ్మా,” అంది భార్య నూకరత్నం. “మా బావగారు తప్ప ఇంటిల్లిపాదీ ఎల్లేం. ఈయన మూడుమాట్లు కూర ఏయించుకుని మా పుట్టింటోళ్ల ముందు నా పరువు తీసేడు.”

తబితా నవ్వలేదు. ఇడ్లీలు తినొచ్చి పరగడుపని ఒట్టేసేవాళ్లను రోజూ చూస్తుంది. రంగు మందు లేకపోతే కాలేయంలో గడ్డ సరిగా తేలదు. తేలకపోతే విశాఖలో ఆపరేషన్ చెయ్యరు. బతకాలనుకునేవాడు ఎంత అబద్ధమైనా ఆడతాడు.

గుమ్మం బయట సత్తియ్య అన్న రాముడు మెడ గోక్కుంటూ నిలబడ్డాడు. వచ్చిన దగ్గర్నుంచీ గదిలోకి తొంగిచూడలేదు.

“మందు లేకుండానే తీస్తాను. బల్ల ఎక్కించడానికి ఓ చెయ్యెయ్యండి,” అని పిలిచింది.

“నాను రానమ్మా.”

“మా బావగారికి సూదంటే బయం,” అంది నూకరత్నం.

భయమా? లేక తమ్ముడి అబద్ధం తెలిసినవాడి తడబాటా?

స్కాన్ అయింది. గడ్డ మబ్బులా కనపడిందే గాని అంచులు తేలలేదు. ‘రంగు మందు పడదు, వేయలేదు’ అని తబితా రిపోర్టులో రాసింది.

“అయితే ఆపరేషన్ నేనట్టేనా?” అని అడిగి, బెంచీ మీద అలాగే కునుకు తీశాడు సత్తియ్య. అతనికి మెలకువ రాకూడదని ఆమె బయటికొచ్చి గది తలుపు చప్పుడు లేకుండా మూసింది.

రాముడు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“మా తమ్ముడికి మందెయ్యమ్మా. ఆడి ఉద్యోగం పోద్దని ఇందాకట్నించీ నోరు మూసుకున్నాను.”

“ఏమిటి మీరనేది?”

“ఆవేళ కార్డే ఆడిదమ్మా, ఒళ్లు నాది.”